గేటే పద్యము, షూబర్ట్ పాట

పాశ్చాత్య సంగీతమున ‘లీడ్’ అను గీతరూపమొకటి కలదు. ఒక కవి వ్రాసిన చిన్న కవితకు వేరొక సంగీతకర్త వరుస కూర్చగా, ఒక గాయకుడును, ఒక పియానో వాద్యకారుడును కలిసి వినిపించు పాట అది. రంగాలంకరణ లేదు, వేషము లేదు, వాద్యబృందము లేదు. ఈ చిన్న రూపమునకు యూరప్ సంగీత చరిత్రలో గౌరవస్థానము లభించుటకు కారణమైన పాటలలో అగ్రగణ్యమైనది ఫ్రాంజ్ షూబర్ట్ 1815లో రచించిన ‘ఎర్ల్‌కేనిగ్’. పాడుటకు పట్టునది సుమారు నాలుగు నిమిషములు. రచించినప్పుడు షూబర్టు వయస్సు 18 సంవత్సరములు. కవిత జర్మన్ మహాకవి గేటేది.

ఈ పాటను మొదట తిరుగగొట్టినవారు సామాన్యులు కారు. మహాకవి ఇంటినుండి అది సమాధానము లేకయే మరలివచ్చినది. జర్మనీలో పేరుమోసిన ప్రచురణసంస్థ దానిని త్రిప్పి పంపినది. వియన్నాలోని ప్రచురణకర్తలు ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనలేదు. ఇంతమంది వలదన్న పాట ఎట్లు బ్రతికినది? అంతకన్న ముఖ్యమైన ప్రశ్న: వారెందుకు వలదన్నారు? అజ్ఞానము వలన అని ఒక్కమాటలో త్రోసిపుచ్చిన కథ సులభమగును గాని చరిత్ర కాదు. పాటలో మాటకెంత చోటు, స్వరమునకెంత చోటు అను వివాదమొకటి దీని వెనుక ఉన్నది.

ముందు పద్యము సంగతి చూతము. 1770-80ల మధ్య జర్మన్ పండితుడు హెర్డర్ అనేక దేశముల జానపద గేయములను సేకరించి, తన భాషలోనికి తెచ్చి, 1778-79లలో ప్రకటించెను. అందులో ఒక డేనిష్ గాథ ఉన్నది. పెండ్లికై గుఱ్ఱమెక్కి పోవుచున్న యువకునికి దారిలో యక్షరాజు కూతురు ఎదురై తనతో నాట్యమాడుమని కోరును. అతడు నిరాకరించును. ఆమె కొట్టిన దెబ్బతో ఇల్లు చేరి, మరునాటికి మరణించును. డేనిష్ భాషలో ‘యక్షరాజు’ అను అర్థము గల పదమును హెర్డర్ ‘ఎర్ల్‌కేనిగ్’ అని మార్చెను. జర్మన్ భాషలో ‘ఎర్లె’ అనగా తడినేలలందు, ఏటి ఒడ్డులందు పెరుగు ఒక జాతి చెట్టు. ఆ విధముగా యక్షరాజు చెట్ల రాజైనాడు. పొరపాటో, బుద్ధిపూర్వకమో గాని ఆ పేరులోనే మంచు, చీకటి, తడి ఆకుల చప్పుడు చేరినవి.

గేటే ఈ గాథను తీసికొని పూర్తిగా మార్చెను. యక్షకన్య స్థానమున యక్షరాజే వచ్చెను. వరుని స్థానమున పసిబాలుడు వచ్చెను. అర్ధరాత్రి, ఈదురుగాలి. తండ్రి కొడుకును కౌగిట పొదివికొని గుఱ్ఱముపై ఇంటికి పోవుచున్నాడు. బాలునికి కిరీటము ధరించిన యక్షరాజు కనబడుచున్నాడు, అతని మాటలు వినబడుచున్నవి. తండ్రికి కనబడునవి పొగమంచు, ఎండుటాకులు, ముసలి చెట్ల బోదెలు మాత్రమే. యక్షరాజు మొదట ఆటలతో ఆశపెట్టును, పిదప తన కుమార్తెల పేరు చెప్పి పిలుచును, తుదకు బలవంతముగా తీసికొనిపోదునని బెదిరించును. తండ్రి గుఱ్ఱమును దౌడు తీయించి ఇల్లు చేరును. చేరునప్పటికి కౌగిటిలోని బిడ్డ లేడు. యక్షరాజు నిజమా, జ్వరతీవ్రతలో బాలుడు కన్న భ్రాంతియా? కవి చెప్పడు. ఎనిమిది చరణములలో, 32 పాదములలో కథ ముగియును.

ఈ కవిత మొట్టమొదట పుస్తకమున చదువుటకు వెలువడలేదు. పాడుటకే వెలువడినది. 1782 జులైలో, వైమార్ పట్టణ సమీపమున టీఫుర్ట్ ఉద్యానవనములో, ఇల్మ్ నది ఒడ్డున, గేటే రచించిన ‘బెస్తపడుచు’ అను చిన్న సంగీతరూపకమును ఆరుబయట ప్రదర్శించిరి. ప్రధానపాత్ర ధరించిన నటీమణి కొరోనా ష్రేటర్ తానే వరుసలు కూర్చుకొనెను. చేపలు పట్టబోయిన తండ్రియు, వరుడును రాత్రియైనను ఇల్లు చేరలేదని విసుగుచెందిన పడుచు పని చేసికొనుచు కూనిరాగముగా పాడుకొను పాతకాలపు పాట ఇది. కొరోనా కూర్చిన వరుస కొద్ది మాత్రలలో ముగియు సరళమైన జానపద బాణీ. ఎనిమిది చరణములకును అదియే వరుస. తండ్రి మాటకును, బిడ్డ ఏడుపుకును, యక్షుని లాలనకును భేదము లేదు. ఆ భేదమును చూపవలసినది గాయకుని కంఠము, వినువాని ఊహ.

గేటే ఆశించినది సరిగా ఇదియే. పద్యమునకు నడక ఉన్నది, యతి ఉన్నది, ప్రాస ఉన్నది. దాని సంగీతము దానియందే ఉన్నది. సంగీతకర్త ఆ నడకను మోయు సాధనము కావలెనే గాని, ప్రతి మాటకు ఒక బొమ్మ గీచి చూపరాదని ఆయన నమ్మిక. ఆయనకు సంగీత విషయమున సలహాదారైన బెర్లిన్ సంగీతజ్ఞుడు త్సెల్టరును, ఆయన కవితలకు అనేక వరుసలు కూర్చిన రైకార్టును ఈ మార్గమువారే. ఒకే వరుసను చరణచరణమునకు మార్చి మార్చి పాడుటలో గాయకునికి ఎంతటి స్వేచ్ఛ కలదో గేటే బాగుగా ఎరుగును. కావున ఆయనకు సంగీతము తెలియదనుట న్యాయము కాదు. ఆయనకొక సిద్ధాంతము ఉండెను. ఆ సిద్ధాంతమునకు ఎదురుగా వియన్నానుండి ఒక బాలుడు వచ్చెను.

షూబర్ట్ 1797 జనవరి 31న వియన్నా శివారున హిమ్మెల్‌ఫోర్ట్‌గ్రుంట్ అను పేటలో జన్మించెను. తండ్రి బడిపంతులు. 1808లో చక్రవర్తి ప్రార్థనామందిరమున పాడు బాలగాయకుల బృందమున షూబర్టుకు స్థానము లభించెను. దానితోపాటు ష్టాట్‌కోన్‌విక్ట్ అను వసతి పాఠశాలలో చదువును లభించెను. అచ్చట వయోలిన్ వాయించుచు, ఆస్థాన సంగీతాచార్యుడైన సాలియేరి యొద్ద రచనాపాఠములు నేర్చుచు పెరిగెను. త్సుమ్‌ష్టేగ్ అను సంగీతకర్త వ్రాసిన దీర్ఘమైన కథాగీతములను ఆ బాలుడు ఆసక్తితో పరిశీలించెడివాడని అతని మిత్రులు చెప్పియున్నారు. కథను గొంతుతో నడపుటయెట్లో అతడు అచ్చట నేర్చెను.

1814లో షూబర్ట్ తన తండ్రి బడిలోనే సహాయోపాధ్యాయుడై, పసిపిల్లలకు అక్షరములు నేర్పు పనిలో కుదిరెను. ఆ సంవత్సరము అక్టోబరు 19న గేటే ‘ఫౌస్ట్’ నాటకములోని ఒక గీతమునకు, రాట్నము త్రిప్పుచు ప్రియుని తలచుకొను గ్రెట్‌షెన్ పాటకు, వరుస కూర్చెను. అందు పియానో రాట్నమై తిరుగును. ఆమెకు ప్రియుని ముద్దు జ్ఞాపకము రాగానే ఆ రాట్నము ఆగిపోవును. తడబడుచు మరల మొదలగును. సహకారవాద్యము పాటలో ఒక పాత్రయైన క్షణమది. మరుసటి సంవత్సరము, 1815లో, పగలు బడిలో పాఠములు చెప్పుచునే అతడు సుమారు 140 పాటలు వ్రాసెను. వానిలో ఒకటి ‘ఎర్ల్‌కేనిగ్’.

దాని రచనను గురించి ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. షూబర్టునకు పాఠశాలనాటి స్నేహితుడు, జీవితాంతము ఆప్తుడు అయిన యోజెఫ్ ష్పౌన్ దానిని వ్రాసిపెట్టెను. ఒకనాటి మధ్యాహ్నము ష్పౌనును, కవియైన మాయర్‌హోఫరును షూబర్ట్ ఇంటికి పోయిరట. అతడు పుస్తకము చేతపట్టి, ఆవేశముతో ఆ కవితను బిగ్గరగా చదువుచు గదిలో పచార్లు చేయుచుండెనట. హఠాత్తుగా కూర్చుండి, కలము ఎంత వేగముగా నడువగలదో అంత వేగముగా పాటను కాగితముపై పెట్టెనట. ఇంటిలో పియానో లేనందున ముగ్గురును పాఠశాలకు పరుగెత్తిరట. ఆ సాయంకాలమే అచ్చట పాడిరట. కొందరికి ఒకచోట స్వరముల పొందిక కటువుగా తోచగా, వృద్ధాచార్యుడు రుజిచ్‌కా తానే పియానోముందు కూర్చుండి, ఆ కటుత్వము కవితార్థమునకు ఎంత అవసరమో వాయించి చూపెనట.

ఈ కథను ఎంతవరకు నమ్మవలెను? ష్పౌన్ దీనిని వ్రాసినది 1858లో. అనగా సంఘటన జరిగిన నాలుగు దశాబ్దములకు పిమ్మట. 1814లో షూబర్టు రచించిన ప్రార్థనాగీతము జయప్రదమైనప్పుడు తండ్రి సంతోషించి అతనికొక పియానో కొనిపెట్టెనని మరొక కథనము కలదు. ఇంట పియానో లేదను మాటతో అది పొసగదు. పైగా ఈ పాటకు షూబర్ట్ నాలుగు పాఠములు సిద్ధపరచెను. ఒకటి పియానో భాగమును సులభము చేసినది. మరియొకటి అచ్చునకు సరిదిద్దినది. ఒక్క ఊపున పుట్టిన పాట కావచ్చును. కాని ఆ ఊపుతోనే అతడు దానిని వదలిపెట్టలేదు. ఆవేశము వ్రాసినదానిని ఆలోచన కొన్ని సంవత్సరములపాటు దిద్దినది. ష్పౌన్ వృత్తాంతమునందు ఆ దిద్దుబాటు కనబడదు, వ్రాతప్రతులందు కనబడును.

ఇక పాటలోనికి పోదము. ముందుగా వినబడునది పియానో. కుడిచేతితో ఒకే స్వరమును రెండు స్థాయిలలో కలిపి, ఒక్కొక్క మాత్రకు మూడేసి దెబ్బలుగా, ఎడతెగక కొట్టవలెను. మన పరిభాషలో దీనిని తిశ్రగతి అందుము. ఎడమచేతిలో క్రిందినుండి పైకి దూకి మరల దిగు చిన్న స్వరగుచ్ఛము. గుఱ్ఱపు డెక్కల చప్పుడు, గాలి, బిడ్డ గుండెదడ ఈ మూడును అదే. ఈ దెబ్బలను నాలుగు నిమిషములు బిగిసిపోని చేతితో కొట్టుట పియానో వాద్యకారులకు నేటికిని పరీక్షయే. షూబర్టే తన పాటను వాయించునపుడు మాత్రకు రెండేసి దెబ్బలు గల సులభపాఠమును వాడెడివాడని చెప్పుదురు.

పాడువాడు ఒక్కడే. పాత్రలు నాలుగు: కథకుడు, తండ్రి, కొడుకు, యక్షరాజు. మన హరికథకుడు ఒక్కడే రాముడును, రావణుడును అయినట్లే ఇచ్చట గాయకుడు నలుగురగును. కాని హరిదాసునకు చిరుతలున్నవి, గజ్జెలున్నవి, అభినయమున్నది. లీడ్ గాయకుడు పియానో ప్రక్కన కదలక నిలువవలెను. కంఠముతోనే సర్వమును చూపవలెను. తండ్రి మాట మంద్రమున నిదానముగా నడచును. కొడుకు మాట పైస్థాయిలో వణకును. యక్షరాజు మాత్రము మెల్లగా, మిక్కిలి మధురముగా పాడును. పాశ్చాత్యులు విషాదమునకు వాడు మైనర్ స్వరక్రమమున పాట అంతయు నడచుచుండగా, యక్షరాజు వచ్చినపుడెల్ల అది ఉల్లాసకరమైన మేజర్ క్రమమునకు మారును. పియానో దెబ్బలు కూడ మెత్తబడి, మొదటిసారి ఊయెలవలె, రెండవసారి వీణమీటులవలె సాగును. మృత్యువు భయంకరముగా రాదు, ఇంపుగా వచ్చును. పాటలోని అసలైన భయము అదియే. మూడవసారి అతని మాటలో లాలన చివరికంటయు నిలువదు. ఆఖరి మాట బెదిరింపై, మేజర్ క్రమము విఱిగిపోవును.

యక్షుడు పాడి ఊరకున్న ప్రతిసారియు బాలుడు తండ్రిని పిలుచుచు కేక వేయును. రుజిచ్‌కా సమర్థించిన కటుత్వమును ఈ కేకలోనే వినవచ్చును. కంఠమొక స్వరమును పట్టుకొనగా, పియానో దానికి అర్ధస్వరము క్రిందనున్న స్వరమును కొట్టుచుండును. షడ్జమును మ్రోగించుచు దానిపై శుద్ధ రిషభమును కదలక నిలిపినచో మన చెవికి ఎట్లుండునో ఊహింపుడు. అది ఇల్లాలికి నిద్రలో బిడ్డ కేక వినబడినట్లుండును. రెండవమారు అదే కేక ఒక మెట్టు పైన, మూడవమారు ఇంకొక మెట్టు పైన వచ్చును. వినువానికి స్వరశాస్త్రము తెలియనక్కరలేదు. మెట్టు పెరిగినకొలది కుర్చీలో ముందునకు వంగును.

తుదిలో గుఱ్ఱపు వేగము హెచ్చును. ఇల్లు చేరగానే, మొదటినుండి ఆగని పియానో ఆగిపోవును. ఆ నిశ్శబ్దములో గాయకుడు చివరి మాటలను వరుస లేని మాటవలె, ఇంచుమించు చదివినట్లు చెప్పును. బిడ్డ చనిపోయినాడని తెలియును. పియానోపై రెండే రెండు స్వరసమ్మేళనములు. పాట ముగిసినది. ఏడ్పు లేదు, ఓదార్పు లేదు.

1816 ఏప్రిలులో ష్పౌన్ మిత్రుని పాటలను కొన్నింటిని చక్కని ప్రతిగా కట్టించి, వినయపూర్వకమైన లేఖతో వైమారునకు పంపెను. అన్నియు గేటే కవితలకు కూర్చినవే. గ్రెట్‌షెన్ పాటయు, ‘ఎర్ల్‌కేనిగు’ను అందున్నవి. పియానోభాగము కష్టమని త్రోసివేయుదురేమోనని కాబోలు, ‘ఎర్ల్‌కేనిగ్’ సులభపాఠమునే చేర్చిరి. కట్ట తిరిగివచ్చెను. ప్రత్యుత్తరము లేదు. 1825లో షూబర్ట్ తానే గేటేకు అంకితమిచ్చిన ముద్రిత గీతములను పంపెను. ఆనాడే యువకుడైన మెండెల్‌స్జోన్ పంపిన రచనలును చేరినవి. రెండును వచ్చినవని గేటే దినచర్యలో వ్రాసికొనెను. మెండెల్‌స్జోనునకు ఆప్యాయమైన ఉత్తరము పోయినది. షూబర్టునకు ఏమియు పోలేదు.

1817లో లైప్‌జిగులోని బ్రైట్‌కోఫ్ ఉంట్ హెర్టెల్ అను ప్రఖ్యాత ప్రచురణసంస్థకు పంపినపుడు మరింత విచిత్రము జరిగినది. వియన్నా షూబర్టెవరో వారికి తెలియదు. డ్రెస్డెనులో అదే పేరుగల ఒక సంగీతకర్త ఉండెను. ఎవరో అతని పేరు వాడుకొనుచున్నారని తలచి వారు కాగితములను అతనికి పంపిరి. ఇటువంటి నాసిరకపు పని తాను ఎన్నడును చేయలేదని, తన పేరు దుర్వినియోగము చేసినదెవరో కనుగొందునని అతడు కోపముతో వ్రాసెను. ఆ డ్రెస్డెను షూబర్టును నేడు లోకము స్మరించుట ఈ ఒక్క ఉత్తరము వలననే.

వియన్నాలో ప్రచురణకర్తలు, రచయితకు పేరు లేదు, పియానోభాగము కష్టము, ఎవరు కొందురు అనిరి. వ్యాపారరీత్యా అది అబద్ధము కాదు. నాడు పాటల ప్రతులు కొనువారు ఇంటిలో పియానో వాయించుకొను గృహస్థులు. ఈ పాటను వాయింపగలవారు వారిలో కొద్దిమందియే. అప్పుడు మిత్రులు వేరొక మార్గము వెదకిరి. 1820 డిసెంబరు 1న సంగీతాభిమానులైన జొన్‌లైట్నర్ కుటుంబము వారింట గిమ్నిక్ అను ఔత్సాహిక గాయకుడు ఈ పాట పాడెను. 1821 జనవరిలో అతడే దానిని సంగీతమిత్రమండలి సభలో పాడెను. ఆ మార్చి 7న రాజాస్థాన నాటకశాలలో జరిగిన ధర్మార్థ కచ్చేరిలో, ప్రసిద్ధ గాయకుడు యోహాన్ మిఖాయెల్ ఫోగల్ పాడెను. పియానో వాయించినవాడు మిత్రుడు హ్యూటెన్‌బ్రెన్నర్. బిడియస్థుడైన షూబర్ట్ పుటలు త్రిప్పుచు ప్రక్కన కూర్చుండెను. సభ మరల పాడించుకొన్నది.

మిత్రులే ముందుగా చందాలు పోగుచేసి ముద్రణవ్యయమును భరించిరి. కాపీ-డియాబెల్లి సంస్థవారు అమ్మకపు రుసుముపై ప్రతులను విక్రయించుటకు అంగీకరించిరి. ఆ విధముగా 1821లో ‘ఎర్ల్‌కేనిగ్’ మొదటి సంఖ్య గల రచనగా వెలువడెను. వ్రాసిన ఆరేండ్లకు, వందలకొలది పాటలు పెట్టెలో పడియుండగా, అది ‘ఒకటవ రచన’ అయినది. ప్రతులు బాగుగా అమ్ముడుపోయినవి. కాని 1823 నాటికి షూబర్ట్ ఈ తొలిరచనల సర్వస్వామ్యమును కొద్ది మొత్తమునకు ప్రచురణకర్తలకే ధారపోసెను. ఆ పిదప వచ్చిన లాభము వారిది.

1828 నవంబరు 19న షూబర్ట్ తన 31వ ఏట మరణించెను. ఆరువందలకు పైగా పాటలు వ్రాసిన అతడు తన రచనలతోనే బహిరంగసభ జరుపుకొన్నది ఒక్కసారి, ఆ సంవత్సరము మార్చి 26న.

రెండేండ్లు గడచినవి. 1830 వసంతమున విల్హెల్మినె ష్రేడర్-డెవ్రియెంట్ అను నాటకశాల గాయని వైమారునకు వచ్చి, ఎనుబది యేండ్లు దాటిన గేటే ఎదుట ‘ఎర్ల్‌కేనిగ్’ పాడెను. వృద్ధకవి చలించిపోయి ఆమె నుదుట ముద్దుపెట్టెను. ఈ వరుసను తానెప్పుడో విన్నానని, అప్పుడది రుచించలేదని, ఇట్లు పాడినపుడు సర్వమును కనులకు కట్టిన చిత్రమగుచున్నదని ఆయన అన్నట్లు అచ్చటనున్న నటుడు గెనాస్ట్ తన స్మృతులలో వ్రాసెను. మెచ్చుకోలు వచ్చినది. అందుకొనవలసినవాడు లేడు.

గేటే ఓడిపోయినాడా? నా దృష్టిలో లేదు. ఆయన మెచ్చుకొన్నది గాయని పాడిన తీరును. పాట ‘చిత్రమగు’ననుటలో ఆయన పాత సంశయము కొంత మిగిలియే ఉన్నది. పద్యమున యక్షుడు ఉన్నాడో లేడో తెలియదు. షూబర్ట్ పాటలో అతడున్నాడు, ఏలయన మనకతని కంఠము వినబడుచున్నది. బిడ్డకు వినబడినది మనకును వినబడును. తండ్రి ఒక్కడే చెవిటివాడు. కవి తెరచియుంచిన తలుపు నొకదానిని సంగీతము మూసివేసినది. దానికి బదులుగా వేరొక తలుపు తెరచినది: తండ్రి ధైర్యవచనములు పలుకుచుండగనే, అతని క్రింద పరుగెత్తు పియానో అతని భయమును బయటపెట్టును. ఈ రెండవది కొరోనా వరుసలో సాధ్యము కాదు.

సరిగా ఆ కాలముననే తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767-1847) మాటయు, స్వరమును తానే పుట్టించి పాడుచుండెను. వాగ్గేయకారునకు ఈ తగవు లేదు. కవియు, గాయకుడును ఒక్కడే. జర్మన్ దేశమున వారిద్దరు. ఒకడు వైమారులో మహామంత్రి, ఒకడు వియన్నా శివారున బడిపంతులు. ఇద్దరు కలుసుకొనలేదు. వారు కలిసిన చోటు ఈ నాలుగు నిమిషములే.

1838లో లిస్ట్ దీనిని పియానోకే మార్చి వ్రాసెను. 1860లో బెర్లియోజ్ వాద్యబృందమునకు కూర్చెను. షూబర్ట్ ఈడువాడే యైన లేవె ఇదే కవితకు చేసిన వేరొక వరుసను ఇష్టపడు రసికులు నేటికిని కలరు. ఈ పాటను వినగోరు శ్రోతలకు ఒక్క మనవి. జర్మన్ మాటలు తెలియవని వెనుదీయవలదు. కథ తెలిసియుండిన చాలును. మొదటిమారు గాయకుని వినుడు, నలుగురిని గుర్తుపట్టుడు. రెండవమారు పియానోను మాత్రము వినుడు. గుఱ్ఱము ఎక్కడ ఆగెనో మీ చెవికే తెలియును. ఆ తరువాతి మాటను ఎవరును మీకు అనువదింప నక్కరలేదు.